పట్టేసిన నడుముకు స్వీయ మర్దన, వ్యాయామం: సమగ్ర మార్గదర్శి

నడుము పట్టేసినప్పుడు మన ఇళ్లలో మొదట గుర్తుకొచ్చేది మర్దనే. నువ్వుల నూనె వెచ్చచేసి వీపుకు రాయించుకోవడం, రాళ్ల ఉప్పు మూటతో కాపడం పెట్టించుకోవడం, బోర్లా పడుకొని పిల్లల చేత నడుము తొక్కించుకోవడం తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో ఇప్పటికీ కనిపించే పద్ధతులే. ఎదురుకాళ్లతో పుట్టినవారి చేత నడుము మీద తన్నించుకుంటే పట్టు వదులుతుందన్న నమ్మకం కూడా పల్లెల్లో ఇంకా ఉంది. వీటిలో కాపడానికీ మర్దనకూ ఉపశమనం ఇచ్చే గుణం నిజంగానే ఉంది, తన్నించుకోవడానికి లేదు. అయితే మర్దనతో వచ్చే సుఖం చాలామందికి కొన్ని గంటలకు మించి నిలవదు. ఆ కాస్త వ్యవధిలో నడుమును సరైన తీరులో కదిలించినవారికి నొప్పి క్రమంగా సర్దుకుంటుంది, మర్దన కాగానే దుప్పటి కప్పుకొని పడుకున్నవారికి మరునాటికి పరిస్థితి మళ్లీ మొదటికి వస్తుంది. అందుకే ఇందులో మర్దన చెప్పిన ప్రతిచోటా దాని వెనుకే వ్యాయామం వస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో ప్రపంచవ్యాప్తంగా 61.9 కోట్ల మంది నడుము నొప్పితో బాధపడ్డారు; 2050 నాటికి ఈ సంఖ్య 84.3 కోట్లకు చేరవచ్చని అంచనా. అదే సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలిక నడుము నొప్పిపై విడుదల చేసిన మార్గదర్శకాల్లో వ్యాయామాన్నీ, మర్దన వంటి చికిత్సలనూ సూచించింది. నడుము బెల్టులనూ, బరువులు కట్టి లాగే ట్రాక్షన్‌నూ మామూలుగా వాడవద్దని చెప్పింది. మందుల అంగడికి వెళ్లి నొప్పి ఉందనగానే ముందుగా బెల్టే చేతికి వచ్చే మన ఊళ్లలో ఈ మాట గట్టిగా చెప్పుకోవలసిందే.

ముందుగా ఎవరు ఆగాలి

నడుము నొప్పి వచ్చిన నూరుమందిలో దాదాపు తొంభైమందికి ఫలానా జబ్బు అని వేలుపెట్టి చూపించగల కారణం ఏదీ ఉండదు. కండరాలు, కీళ్లు, వెన్నుపూసల మధ్య మెత్తల్లా ఉండే డిస్కులు, వాటి చుట్టూ ఉండే నరాలు కలిసి నొప్పి పుట్టిస్తాయి. కొత్తగా వచ్చిన నొప్పి ఎక్కువమందికి ఆరు వారాల్లోపే చాలావరకు తగ్గుతుంది. ఈ మార్గదర్శి వారికోసమే. మిగిలిన కొద్దిమంది మాత్రం మర్దన జోలికి పోకుండా వైద్యుని దగ్గరకు వెళ్లాలి.

మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం, మలవిసర్జనపై పట్టు తప్పడం, కూర్చున్నప్పుడు పీటకు తగిలే భాగమంతా మొద్దుబారడం, రెండు కాళ్లలోనూ బలం తగ్గడం అనేవి వెన్ను చివరి నరాల కట్ట నలిగిపోతోందనడానికి గుర్తులు. వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి చేరాలి. సాయంత్రం పూట సన్నటి జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, పడుకున్నా వదలని రాత్రి నొప్పి ఉంటే కూడా పరీక్షలు అవసరం, ఎందుకంటే మన దేశంలో వెన్నెముకకు క్షయ సోకడం అంత అరుదేమీ కాదు. గతంలో క్యాన్సర్ ఉన్నవారు, చాలాకాలం స్టెరాయిడ్ మాత్రలు వాడినవారు, బండి మీద నుంచో చెట్టు మీద నుంచో పడినవారు, ఎముకలు గుల్లబారిన పెద్దవయసు స్త్రీలు, గర్భిణులు కూడా వైద్యుని అడిగిన తర్వాతే మొదలుపెట్టాలి. తిరుపతిలో రుయా ఆసుపత్రి, స్విమ్స్, ఎముకల చికిత్సకు పేరుపడిన దేవస్థానం వారి బర్డ్ ఆసుపత్రి ఉన్నాయి కనుక చుట్టుపక్కల ఊళ్లవారికి దారి దూరమేమీ కాదు.

స్కాన్ గురించి ఒక మాట చెప్పాలి. ‘డిస్కు ఉబ్బింది’, ‘డిస్కు అరిగింది’ అని నివేదికలో చూడగానే ఇక వంగకూడదు, బరువెత్తకూడదు అని మంచానికి అతుక్కుపోయేవారు చాలామంది ఉన్నారు. నడుము నొప్పి అసలే లేని మనుషుల స్కాన్‌లను పరిశీలించిన అధ్యయనాలన్నింటినీ కలిపి 2015లో సమీక్షించినప్పుడు, ఇరవయ్యేళ్లవారిలో 30 శాతానికీ, ఎనభయ్యేళ్లవారిలో 84 శాతానికీ డిస్కు ఉబ్బు కనిపించింది. నెరిసిన జుట్టులాగా అది చాలావరకు వయసు గుర్తు. స్కాన్‌లోని మాటల కన్నా, ఏ కదలికకు మీ నొప్పి పెరుగుతోంది, దేనికి తగ్గుతోంది అన్నదే ఇంట్లో చేసుకునే సాధనకు పనికివచ్చే సమాచారం.

మీ నడుముకు ఏ కదలిక పడదో కనిపెట్టడం

అందరికీ ఒకే వ్యాయామం చెప్పడం వల్లనే చాలామందికి నొప్పి పెరుగుతుంది. పక్కింటి వారికి తగ్గించిన ఆసనం మీకు ఎక్కించవచ్చు. కాబట్టి రెండు రోజుల పాటు మీ నొప్పిని గమనించి, మీరు కింది రెండు తీరుల్లో దేనికి దగ్గరగా ఉన్నారో తేల్చుకోవాలి.

మొదటి తీరువారికి ముందుకు వంగడం పడదు. కుర్చీలోగానీ స్కూటర్ మీదగానీ ఎక్కువసేపు కూర్చుంటే నొప్పి పెరుగుతుంది, చెప్పులు తొడుక్కోవడానికి వంగితే జివ్వుమంటుంది, లేచి నాలుగు అడుగులు వేస్తే కాస్త తేలికపడుతుంది. నడివయసు లోపు వారిలో ఇది ఎక్కువ. రెండో తీరువారికి వెనక్కి వాలడం, ఎక్కువసేపు నిలబడటం, నడవడం పడవు. బజారులో నాలుగు అంగళ్లు తిరిగేలోపే పిరుదుల దాకా బరువెక్కి ఎక్కడైనా కూర్చోవాలనిపిస్తుంది, కూర్చున్నా ముందుకు వంగినా హాయిగా ఉంటుంది. అరవై దాటినవారిలో ఇది తరచుగా కనిపిస్తుంది. రెండు తీరులూ కలిసినవారు కూడా ఉంటారు. వారు ఏ వైపూ చివరిదాకా వంగకుండా నడిమి కదలికలతోనే సరిపెట్టుకోవాలి.

కాలిలోకి పాకే నొప్పి ఉన్నవారికి మరో కొలమానం ఉంది. వ్యాయామం చేస్తుండగా పిక్కలోనో తొడలోనో ఉన్న నొప్పి పైకి జరిగి నడుము దగ్గరకు చేరుతుంటే, నడుములో కాసేపు నొప్పి ఎక్కువైనట్టు అనిపించినా సరే, ఆ వ్యాయామం మీకు సరిపడుతున్నట్టే లెక్క. నొప్పి ఇంకా కిందికి, పాదం వైపు దిగుతుంటే వెంటనే ఆపాలి. న్యూజిలాండ్‌కు చెందిన ఫిజియోథెరపిస్టు రాబిన్ మెకంజీకి ఇది 1956లో అనుకోకుండా తెలిసింది: తలవైపు ఎత్తు చేసి ఉన్న బల్లపై ఒక రోగి చూసుకోకుండా బోర్లా పడుకొని కొన్ని నిమిషాలు అలాగే ఉండిపోగా, వారాల తరబడి వదలని కాలి నొప్పి తగ్గింది. నడుము వెనక్కి వంగితే చెడుపు చేస్తుందని అందరూ అనుకునే రోజులవి.

కాపడం, బంతి, నూనె: ఈ వరుసలోనే

వరుస ఎందుకంటే, నూనె రాసుకున్న వీపు మీద బంతి నిలవదు, నూనె కాళ్లతో నేల మీద వ్యాయామం చేస్తే జారిపడతాము. అందువల్ల రోజువారీ సాధనలో ముందు కాపడం, తర్వాత బట్టల మీదనే బంతితో మర్దన, వెంటనే వ్యాయామం ఉండాలి. నూనె మర్దనను స్నానానికి ముందుకు జరుపుకోవాలి.

కాపడానికి నాలుగు గుప్పెళ్ల రాళ్ల ఉప్పును ఇనుప మూకుడులో నూనె లేకుండా వేయించి, మందపాటి నూలు గుడ్డలో రెండు మడతలు వచ్చేలా మూట కట్టుకోవాలి. మోచేతి లోపలివైపు ఆనించి చూసుకొని, ఐదు సెకన్లపాటు సుఖంగా ఓర్చుకోగలిగితేనే నడుముకు పెట్టాలి. వేడినీళ్ల సంచి ఉన్నవారు దానినే వాడుకోవచ్చు. పది పదిహేను నిమిషాలు చాలు. చక్కెర వ్యాధి వల్ల చర్మానికి స్పర్శ తగ్గినవారు కాపడాన్ని ఇంట్లో మరొకరి చేత పెట్టించుకోవాలి, లేదంటే కాలిన సంగతి బొబ్బ లేచేదాకా తెలియదు.

తర్వాత బంతి. పిల్లలు వీధిలో క్రికెట్ ఆడే టెన్నిస్ బంతి అన్నిటికన్నా అనువైనది; తోలు బంతి, చెక్క బంతి వద్దు. రెండు బంతులను ఒక పాత సాక్సులో వేసి కొసను ముడివేస్తే వెన్నుపూస ఆ బంతుల మధ్య సందులో ఇమిడి, రెండు పక్కల కండరాల మీద మాత్రమే ఒత్తిడి పడుతుంది. నేల మీద పడుకొని చేస్తే శరీరం బరువంతా బంతి మీదకు వస్తుంది కనుక మొదటి రెండు వారాలు గోడనే ఆసరాగా తీసుకోవాలి. గోడకు వీపు చేర్చి, పాదాలను గోడకు ఒక అడుగు ముందుగా ఉంచి, మోకాళ్లను కొద్దిగా వంచి నిలబడాలి. బంతులను నడుము పక్కల చేతికి తగిలే తుంటి ఎముక అంచుకు కాస్త పైన, వెన్నుకు అటూ ఇటూ ఉన్న కండల మీద ఉంచాలి. మోకాళ్లను మెల్లగా వంచి లేపుతుంటే బంతి నాలుగు వేళ్ల వెడల్పున పైకీ కిందికీ దొర్లుతుంది. చురుక్కుమనే చోటు తగిలితే అక్కడే ఆగి, ముక్కుతో గాలి పీల్చి నోటితో దీర్ఘంగా వదులుతూ ఇరవై నుంచి ముప్పై సెకన్లు ఉండాలి. నొప్పిని పదికి ఎంతో లెక్క వేసుకుంటే ఐదు దాటకూడదు. ఊపిరి బిగబట్టవలసి వస్తోందంటే ఒత్తిడి ఎక్కువైనట్టే. పాదాలను గోడకు దగ్గరగా జరిపితే అది తగ్గుతుంది. చివరి పక్కటెముక కింద, రెండు వైపులా మూత్రపిండాలుండే చోట గట్టిగా ఒత్తకూడదు, వెన్ను ఎముక మీద అసలే ఒత్తకూడదు.

నడుము నొప్పికి నడుమునే రుద్దుకుంటూ పిరుదులను వదిలేయడం సాధారణంగా జరిగే పొరపాటు. తుంటి బిగుసుకున్నప్పుడు అది చేయవలసిన కదలికను నడుము చేయవలసి వస్తుంది, ఆ అదనపు పని మోసిన కండరమే సాయంత్రానికి నొప్పి పెడుతుంది. అందుచేత నడుముకు రెండు నిమిషాలిస్తే పిరుదులకు నాలుగు నిమిషాలివ్వాలి. గోడకు పక్కగా, కొంచెం వెనక్కి తిరిగి నిలబడి, ప్యాంటు వెనుక జేబు ఉండే చోట ఒకే బంతిని ఉంచి, చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు దొర్లించాలి. ఈ చోట లోతుగా ఉండే కండరం పక్కనుంచే సయాటిక్ నరం కాలిలోకి దిగుతుంది. బంతి కింద మందమైన నొప్పి ఉంటే అది కండరానిది. కాలి పొడవునా కరెంటు తగిలినట్టు లాగితే అది నరానిది, అప్పుడు బంతిని రెండు వేళ్లు పక్కకు జరపాలి. ఈ తేడా తెలిసినవారికి పిరుదు మర్దనలో ప్రమాదం తక్కువ.

తొడల ముందువైపుకూ, పక్కలకూ చపాతీ కర్ర సరిపోతుంది. కుర్చీలో కూర్చొని, కర్రను రెండు చేతులా పట్టుకొని, మోకాలికి నాలుగు వేళ్ల పైనుంచి తుంటి దాకా నింపాదిగా పది పన్నెండు సార్లు దొర్లిస్తే చాలు. పిక్కలకూ ఇదే పద్ధతి, కాని రక్తనాళాలు ఉబ్బినవారు, ఒక కాలికే వాపు వచ్చినవారు పిక్కలను తాకకూడదు.

నూనె విషయానికి వస్తే, నువ్వుల నూనె గిన్నెను వేడినీళ్లలో ఉంచి గోరువెచ్చగా చేసుకుంటే సరిపోతుంది. నేరుగా మంట మీద పెట్టిన నూనె ఎంత వేడెక్కిందో చేతికి తెలియదు. మహానారాయణ తైలం, ధన్వంతర తైలం వంటివి వాడేవారు ఆయుర్వేద వైద్యుని అడిగి వాడుకోవచ్చు. ఏ నూనె అన్నదానికన్నా చేయి ఎలా ఆడుతోందన్నదే ముఖ్యం అని నా అభిప్రాయం. పీట మీద నిటారుగా కూర్చొని, రెండు బొటనవేళ్లను వెన్నుకు అటూ ఇటూ ఉంచి, మిగిలిన వేళ్లతో నడుము పక్కలను పట్టుకొని, కింది నుంచి పైకి చేయి అందినంత మేర ఒత్తుతూ పోవాలి. బొటనవేళ్లు అలిసిపోతే పిడికిలి కణుపులతో అదే దారిలో ఒత్తాలి. తర్వాత అరచేతులతో నడుము నుంచి పక్కలకు, పక్కల నుంచి పొట్ట వైపుకు రుద్దాలి. ఐదు నిమిషాలు మర్దన, పావుగంట విరామం, ఆపై వేడినీళ్ల స్నానం. గచ్చు మీద నూనె పాదాలతో నడిచి జారిపడటం వల్ల వచ్చే నడుము నొప్పి అసలు నొప్పిని మించిపోతుంది కాబట్టి స్నానాల గది దగ్గర గోనె పట్టా వేసుకోవాలి.

ఇక నడుము తొక్కించుకోవడం. కండ బలంగా ఉన్న పడుచువారికి, చిన్నపిల్లల బరువుతో, పిరుదులూ తొడలూ తొక్కించుకుంటే హాని లేదు. నడుము మధ్యన, పక్కటెముకల మీద తొక్కించుకోవడం ఎవరికీ మంచిది కాదు. యాభై దాటిన స్త్రీలకు అది ఎముక విరిగేంత ప్రమాదం.

మర్దన వెనుకే చేయవలసిన వ్యాయామాలు

నేల మీద చాప, దాని మీద దుప్పటి నాలుగు మడతలు వేసుకోవాలి. మంచం మీద చేస్తే పరుపు కుంగి నడుము వంకరవుతుంది. నిద్ర లేచిన వెంటనే మాత్రం మొదలుపెట్టకూడదు. రాత్రంతా పడుకొని ఉండటం వల్ల డిస్కులు నీటిని పీల్చుకొని ఉబ్బి ఉంటాయి, ఆ సమయంలో వంగితే వాటి మీద ఒత్తిడి పగటికన్నా ఎక్కువ. లేచాక కనీసం ముప్పావుగంట నడక, ఇంటి పనులు అయ్యాకనే సాధనకు కూర్చోవాలి.

మొదట నడుముకు విశ్రాంతినిచ్చే భంగిమ. వెల్లకిలా పడుకొని, పిక్కలు రెండింటినీ కుర్చీ మీద పెట్టి, తొడలు నేలకు నిలువుగా ఉండేలా చూసుకొని, పొట్ట పైకి లేచేలా నెమ్మదిగా ఊపిరి తీస్తూ మూడు నుంచి ఐదు నిమిషాలు ఉండాలి. ఆ తర్వాత చేతులూ మోకాళ్ల మీద నిలిచి, పిల్లి ఒళ్లు విరుచుకున్నట్టు వీపును పైకి గుండ్రంగా లేపి, మళ్లీ కిందికి దించాలి. ఆరేడు సార్లు చాలు. ఇది సాగదీయడానికి చేసేది కాదు, కీళ్లలో పట్టు వదలడానికి చేసేది. అందువల్ల ఏ వైపూ చివరిదాకా పోనక్కర్లేదు.

ఇప్పుడు దారి రెండుగా చీలుతుంది. వంగడం పడనివారు బోర్లా పడుకొని రెండు నిమిషాలు ఊరికే ఉండి, తర్వాత మోచేతుల మీద లేచి మరో రెండు నిమిషాలు ఉండాలి. అది సుఖంగా ఉంటే అరచేతులు ఆనించి, నడుమునూ పిరుదులనూ పూర్తిగా వదులుగా ఉంచి, ఛాతీని మాత్రమే లేపి దించాలి. చూడటానికి భుజంగాసనంలా ఉంటుంది గాని, ఇక్కడ వీపు కండరాలను బిగించకుండా చేతుల బలంతోనే లేవాలి. పది సార్లు, రోజుకు మూడు నాలుగు పూటలు. వెనక్కి వాలడం పడనివారు దీని జోలికి పోకుండా, వెల్లకిలా పడుకొని ఒక్కొక్క మోకాలినీ, తర్వాత రెండింటినీ కలిపి రొమ్ము వైపుకు తెచ్చుకొని ఇరవై సెకన్లు పట్టుకోవాలి. ఇదీ పది సార్లు.

కండరాలు సాగడానికి మూడు భంగిమలు సరిపోతాయి. ఒకటి పిరుదుకు: వెల్లకిలా పడుకొని కుడి మడమను ఎడమ మోకాలిపై అడ్డంగా పెట్టి, ఎడమ తొడను రెండు చేతులతో దగ్గరకు తెచ్చుకోవాలి. రెండోది తొడ వెనుకకు: పాదానికి తువాలు తగిలించి, మోకాలు కొద్దిగా వంచిన కాలిని పైకి లేపి ఉంచాలి. నిలబడి వంగి బొటనవేళ్లు అందుకునే అలవాటు చాలామందికి బడి నుంచీ ఉంది. నడుము నొప్పి ఉన్నవారికి అది తగదు, సాగవలసిన తొడ సాగకుండా నడుము సాగుతుంది. మూడోది తుంటి ముందరి కండరానికి: ఒక మోకాలు దుప్పటి మీద, రెండో పాదం ముందు ఆనించి, పిరుదును బిగించి, నడుము వెనక్కి వంచకుండా శరీరం మొత్తాన్ని రెండు అంగుళాలు ముందుకు జరపాలి. రోజంతా కూర్చొని పనిచేసేవారికి ఈ మూడింటిలో ఎక్కువ మేలు చేసేది ఇదే. ప్రతి భంగిమా ముప్పై సెకన్లు, ప్రతి వైపూ రెండు సార్లు. ఊగుతూ సాగదీయకూడదు. మొదటి వారంలోనే కొంత వదులు వచ్చినట్టు అనిపించేది నరాలు ఆ లాగుడుకు అలవాటు పడటం వల్ల. కండరం నిజంగా సాగడానికి వారాల తరబడి నిత్యసాధన కావాలి.

అసలు మందు బలం పెంచే వ్యాయామాల్లో ఉంది. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో వెన్నెముక మీద దశాబ్దాల పాటు పరిశోధన చేసిన స్టువర్ట్ మెక్‌గిల్ మూడు కదలికలను ఎంచి ప్రచారం చేశారు. వాటిలో నేను మొదట నేర్చుకోమనేది చేయీ కాలూ చాచే కదలిక. చేతులూ మోకాళ్ల మీద నిలిచి, కుడిచేతిని ముందుకూ ఎడమకాలిని వెనక్కూ నేలకు సమాంతరంగా చాచి పది సెకన్లు ఉంచాలి. సరిగా చేస్తున్నారో లేదో తెలుసుకోవడానికి ఇంట్లోవారి చేత నడుము మీద, సరిగ్గా త్రికాస్థికి, అంటే పిరుదుల మధ్య ఎముకకు పైన, సగం నీళ్లు పోసిన స్టీలు గ్లాసు పెట్టించుకోవాలి. కాలిని మరీ ఎత్తుగా లేపితే నడుము గుంతపడి గ్లాసు వీపు వైపు ఒరుగుతుంది. తుంటి ఒక పక్కకు తిరిగితే ఆ పక్కకే జారుతుంది. నీళ్లు కదలకుండా కాలు చాచగలిగిన ఎత్తే మీకు తగిన ఎత్తు, అది నేలకు జానెడే అయినా సరే. పది సెకన్ల తర్వాత చేతినీ కాలినీ వెనక్కి తెచ్చి, నేలను తుడిచినట్టు ఒకసారి తాకించి మళ్లీ చాచాలి. మొదటి వరుసలో ప్రతి వైపూ ఆరు, కాసేపు ఆగి నాలుగు, ఆ తర్వాత రెండు. పది సెకన్లకు మించి పట్టి ఉంచడం కన్నా ఇలా విరామాలిస్తూ చేయడం వల్ల కండరం అలసిపోకుండా ఓర్పు పెంచుకుంటుంది.

రెండో కదలికలో వెల్లకిలా పడుకొని, ఒక మోకాలు వంచి, రెండు అరచేతులనూ నడుము కింది ఒంపులో పెట్టి, ఆ ఒంపు చెదరకుండా తలనూ భుజాలనూ అంగుళం మాత్రమే పైకి లేపాలి. పూర్తిగా లేచి కూర్చునే పాత పద్ధతి నడుముకు మంచిది కాదు. మూడోది పక్కకు తిరిగి మోచేతి మీదా మోకాళ్ల మీదా శరీరాన్ని లేపడం. భుజం నొప్పి ఉన్నవారు దీన్నే నిలబడి, మోచేతిని గోడకు ఆనించి చేయవచ్చు. వీటికి తోడు వెల్లకిలా పడుకొని మోకాళ్లు వంచి పిరుదులను లేపే సేతుబంధాసనం రోజూ పన్నెండు సార్లు చేయాలి. లేపేటప్పుడు తొడ వెనుక కండరం పట్టినట్టైతే మడమలను దగ్గరకు జరుపుకోవాలి.

నడక గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, చేయడానికే ఉంది. పది నిమిషాలతో మొదలుపెట్టి, వారానికి ఐదు నిమిషాలు పెంచుతూ, చేతులు ఊపుకుంటూ చురుకుగా నడవాలి.

పనిలో వంగే తీరు

కాసేపు సాధన చేసి మిగిలిన రోజంతా నడుమును విరిచి పనిచేస్తే ఫలితం రాదు. నేర్చుకోవలసిన కదలిక ఒక్కటే: నడుము దగ్గర వంగకుండా తుంటి దగ్గర వంగడం. చీపురు కర్రను వెన్ను వెంట నిలువుగా పట్టుకొని, తల వెనుక, రెండు భుజాల మధ్య, పిరుదుల మధ్య ఎముక అనే మూడు చోట్ల అది తగులుతుండగా, పిరుదులను వెనక్కి నెడుతూ వంగాలి. ఏ ఒక్కచోట కర్ర ఎడమైనా నడుము గుండ్రమైందని అర్థం.

తెల్లవారుజామున కల్లాపి చల్లి, ఊడ్చి, ముగ్గు వేయడం మొత్తం నడుము దగ్గర వంగి చేసే పనే. పైగా డిస్కులు ఉబ్బి ఉండే సమయంలోనే చేస్తారు. పొడవాటి కర్ర ఉన్న చీపురుతో ఊడ్చి, ముగ్గును చిన్న పీట మీద కూర్చొని వేసుకుంటే సగం భారం తగ్గుతుంది. ఆవులకు పాలు పితికేవారు గొంతుకూర్చుని ముందుకు వంగే బదులు, ఎత్తు తక్కువ ముక్కాలిపీట వేసుకొని ఆవుకు దగ్గరగా జరగాలి. పలమనేరు వైపు టమాటా క్రేట్లు లారీలకు ఎత్తేవారు బరువును పొట్టకు చేర్చి పట్టుకోవాలి, తిరిగేటప్పుడు నడుము మెలితిప్పకుండా పాదాలతో తిరగాలి. శ్రీకాళహస్తిలో బట్ట మీదికి వంగి గంటల తరబడి కలం పట్టే కలంకారీ పనివారికీ, కల్యాణకట్టలో కూర్చొని వరుసగా గుండ్లు గీసే క్షురకులకూ నా సలహా ఒకటే: అరగంటకొకసారి లేచి, వెనక్కి వాలడం పడనివారు తప్ప మిగిలినవారు అరచేతులు నడుముకు ఆనించి ఐదుసార్లు వెనక్కి వాలాలి. తిరుపతి, చిత్తూరు మధ్య రోజూ బండి మీద తిరిగేవారు వెనుక జేబులోని పర్సును తీసి ముందు పెట్టుకోవాలి. దాని మందాన తుంటి ఒక పక్కకు ఎత్తి కూర్చోవడం నడుముకు పడదు.

కొండ నడిచి ఎక్కాలనుకునేవారికి

నడుము నొప్పి ఉన్నవారు ఇక్కడ తరచుగా అడిగే ప్రశ్న, నడిచి తిరుమలకు వెళ్లవచ్చా అని. అలిపిరి దారిలో 3,550 మెట్లు, దాదాపు తొమ్మిది కిలోమీటర్ల నడక ఉంటాయి. శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు, రెండు కిలోమీటర్లకు పైచిలుకు దూరం. దూరం తక్కువ కదా అని శ్రీవారి మెట్టును ఎంచుకునేవారు ఆ దారిలో మెట్లు ఎడతెగకుండా ఉంటాయన్నది గుర్తుంచుకోవాలి. అలిపిరి దారిలో గాలిగోపురం దాకా ఎక్కుడు గట్టిగానే ఉన్నా, ఆ తర్వాత చదునైన నడక వచ్చి నడుముకు ఊపిరి దొరుకుతుంది. చివర్లో మోకాళ్ల మెట్టు దగ్గర మళ్లీ నిలువుగా ఎక్కాలి. నడుము నొప్పి నుంచి కోలుకుంటున్నవారికి అలిపిరి దారే నయం.

ముప్పావుగంట చదునుగా నడవగలగడం, ఇంటి మెట్లు పది నిమిషాలు ఆగకుండా ఎక్కి దిగగలగడం, మరునాడు ఉదయం నడుము పట్టకపోవడం అనే మూడూ సాధించాకే బయలుదేరాలి. ఎక్కేటప్పుడు నడుము నుంచి కాకుండా తుంటి నుంచి కొద్దిగా ముందుకు వాలి, పాదం మొత్తం మెట్టు మీద ఆనించి, పిరుదు బలంతో లేవాలి. ప్రతి మెట్టుకూ పసుపు కుంకుమలు పెట్టే మొక్కు ఉన్నవారు వంగిన ప్రతిసారీ ఒక మోకాలిని కిందికి దించాలి. నడుము వంచి వేల సార్లు వంగడాన్ని ఆరోగ్యంగా ఉన్న నడుమే తట్టుకోలేదు. నడిచివెళ్లేవారి సామానును అలిపిరిలో తీసుకొని కొండపైకి ఉచితంగా చేర్చే ఏర్పాటు దేవస్థానం వారిది ఉంది కనుక సంచులు మోయవద్దు. దిగేటప్పుడు బస్సులో రావడమే మేలు.

మళ్లీ పట్టేసిన రోజు

ఒకసారి వచ్చిన నడుము నొప్పి ఏడాదిలోపు మళ్లీ రావడం మామూలే. వచ్చిన రోజు బలం పెంచే వ్యాయామాలూ, సాగదీతలూ మానేసి, కుర్చీ మీద పిక్కలు పెట్టే భంగిమ, కాపడం, గోడకు బంతితో తేలికపాటి మర్దన మాత్రమే చేయాలి. మంచం మీద పడుకోవడం ఒకటి రెండు పూటలకు మించకూడదు. గంటకొకసారి లేచి ఇంట్లోనే ఐదు నిమిషాలు నడవాలి. పక్క నుంచి లేచేటప్పుడు ముందు పక్కకు ఒత్తిగిలి, కాళ్లు కిందికి వేలాడదీసి, చేతుల మీద బరువు వేసి లేవాలి. రెండో రోజు మీ తీరుకు తగిన పది కదలికలనూ, మూడో రోజు పిల్లి భంగిమనూ కలపాలి. వారం తిరిగేసరికి గ్లాసు వ్యాయామం మొదటి వరుస వరకూ రాగలిగితే పాత క్రమానికి వెళ్లవచ్చు. కాలి బొటనవేలిని పైకి లేపే బలం తగ్గినా, నడుస్తుంటే పాదం నేలకు ఈడ్చుకుపోతున్నా ఆ వారం కూడా ఆగకుండా వైద్యుని దగ్గరకు వెళ్లాలి. ఆరు వారాలు క్రమం తప్పకుండా చేసినా మార్పు కనిపించనివారు ఫిజియోథెరపిస్టుకు తమ వ్యాయామాలన్నీ ఎదురుగా చేసి చూపించాలి. చాలాసార్లు మార్చవలసింది వ్యాయామాన్ని కాదు, తుంటి నిలిపే కోణాన్ని.